గాజులు తాకట్టులో, పటం బీరువాలో

విజయవాడ అజిత్‌సింగ్‌నగర్ నుంచి ఒక పాఠకుడు తొమ్మిది పేజీల ఉత్తరం రాశారు. పేరు వెల్లడించవద్దని కోరారు. వయసు 63. ఒక ప్రభుత్వ కార్యాలయంలో సూపరింటెండెంటుగా పనిచేసి నిరుడు రిటైరయ్యారు. ఇరవై రెండేళ్ల క్రితం లెనిన్ సెంటర్ పాత పుస్తకాల దుకాణాల్లో మొదలైన ఆయన సేకరణ క్రమంగా పాత పటాలకూ, తాళపత్రాలకూ, గాజు సామానుకూ పాకింది. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు ఇంట్లో నడుములోతున నిలిచినప్పుడు ఆరు వందల పుస్తకాల్లో రెండు వందలకు పైగా ముద్దయిపోయాయి. పదిహేనేళ్లపాటు ఒక్కొక్కటిగా ఏరి కూర్చుకున్న పాత సాహిత్య పత్రిక ‘భారతి’ సంచికలు కూడా వాటిలో పోయాయి. మిగిలినవాటిని ఆయన భార్య చుట్టాల ఇంటి మేడ మీద నీడపట్టున పరిచి, పుటల మధ్య తెల్ల కాగితాలు పెట్టి మార్చుతూ, పది రోజులు ఆరబెట్టి దక్కించారు.

ఆన్‌లైన్ వేలంపాటల్లో పాడటం ఆ తర్వాతే మొదలైంది. రిటైర్మెంటు డబ్బులో ఆరు లక్షలు ఇంట్లో తెలియకుండా ఖర్చయ్యాయి. చివరిగా, పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లీషు సర్వేయరు జేమ్స్ రెన్నెల్ తయారుచేసిన హిందూస్థాన్ పటంలో దక్షిణ భాగపు షీటు ఒకటి వేలానికి వచ్చింది. పాట లక్షా పదివేలకు ఖాయమైంది, బిల్లు లక్షన్నరకు చేరింది. చేతిలో డబ్బు లేక భార్య గాజులు నాలుగు తాకట్టు పెట్టారు. ఒక పెళ్లికి వెళ్లబోతూ ఆమె బీరువా తెరవడంతో విషయం బయటపడింది. ఆమె అరవలేదు, ఏడవలేదు. ‘అడిగుంటే నేనే తీసి ఇచ్చేదాన్ని కదా’ అని ఒక్క మాట అన్నారు. మూడు వారాలుగా అవసరానికి మించి మాట్లాడటం లేదు. చెల్లెలి పెళ్లి ఈ ఏడాదే చేయాలి కనుక మొత్తం అమ్మేయమని హైదరాబాదులో ఉన్న కొడుకు పట్టుబడుతున్నాడు. ఒక వ్యాపారి అన్నీ కలిపి నాలుగు లక్షలు ఇస్తానన్నాడు. అవి వద్దనుకుంటే బొమ్మలున్న తాళపత్రాల కట్ట ఒక్కదానికే రెండు లక్షలు ఇస్తాననీ, కొనేవారు విదేశంలో ఉన్నారు కనుక కాగితాలేవీ అక్కర్లేదనీ చెప్పాడు. పటం అసలుది కాదేమోనని ఒక మిత్రుడు అనుమానం పెట్టాడు. వచ్చే నెల వేలంలో ‘భారతి’ తొలి సంవత్సరాల బైండు సంపుటాలు వస్తున్నాయి. ‘అన్నీ అమ్మేయమంటారా? ఇది జబ్బా? ఈ ఒక్కసారికి పాడవచ్చా? తాళపత్రాలను ఎలా కాపాడాలి?’ ఇవీ ఆయన ప్రశ్నలు.

అయ్యా, మీ ఉత్తరాన్ని రెండుసార్లు చదివాను. మీరు నాలుగు ప్రశ్నలు అడిగారు గానీ గాజుల గురించి ఏమీ అడగలేదు. నేను అక్కడి నుంచే మొదలుపెడతాను, ఎందుకంటే మిగిలినవాటికి కొంత సమయం ఉంది, దానికి లేదు. బంగారం మీద అప్పు గడువులోగా తీరకపోతే, నోటీసు ఇచ్చిన తర్వాత ఆ నగలను వేలం వేసే హక్కు అప్పు ఇచ్చినవారికి ఉంటుంది. మీరు ఒక వేలంలో పటం గెలుచుకున్నారు. దాని కోసం తాకట్టుకు వెళ్లిన గాజులు ఇంకొక వేలంలో పోయే స్థితి రాకూడదు. పైగా అవి ఆమె స్త్రీధనం. స్త్రీధనం పూర్తిగా భార్య సొత్తేననీ, దానిమీద భర్తకు హక్కు లేదనీ సుప్రీంకోర్టు 1985లోనే స్పష్టం చేసింది. మిమ్మల్ని భయపెట్టడానికి ఈ మాట చెప్పడం లేదు. గ్రాట్యుటీ ఖర్చు చేయడానికీ, గాజులు తీయడానికీ మధ్య ఒక గీత ఉందనీ, మీరు ఆ గీత దాటారనీ గుర్తించమని చెబుతున్నాను.

గాజులు విడిపించడానికి మీకు మూడు దారులు కనిపిస్తున్నాయి. ఫిక్స్‌డ్ డిపాజిట్టును గడువుకు ముందే తీసుకుంటే కొంత వడ్డీ పోతుంది, కానీ వారం తిరగకుండా గాజులు ఇంటికి వస్తాయి. కొడుకును అప్పుగా అడిగితే వడ్డీ నష్టం ఉండదు, అయితే అతను ‘ముందు అవన్నీ అమ్మండి’ అనే షరతు పెట్టవచ్చు, అప్పుడు ఏది ఉంచాలో ఏది పంపాలో నిదానంగా చూసే వీలు మీ చేతిలో ఉండదు. సేకరణలో కొంత అమ్మి ఆ డబ్బుతో విడిపించడం వినడానికి న్యాయంగానే ఉంటుంది, కానీ పాత వస్తువులకు సరైన ధర రావడానికి నెలలు పడుతుంది, తొందరపడినవాడికి సగం ధర కూడా దక్కదు. మీ స్థానంలో నేనుంటే మొదటి దారి పట్టి, తర్వాత అమ్మిన వస్తువుల డబ్బుతో ఆ డిపాజిట్టును పూడ్చుకుంటాను. మీ పరిస్థితి మీకు ఎక్కువ తెలుసు.

ఇప్పుడు ఆమె అన్న ఆ ఒక్క మాట. దాన్ని మీరు ‘నిష్ఠూరం’ అని రాశారు. నాకు అలా వినిపించలేదు. వరద తగ్గిన తర్వాత బురద కడగవలసిన ఇల్లు అలాగే ఉండగా, పది రోజులు మీ పుస్తకాల పుటల మధ్య కాగితాలు మార్చిన మనిషి ఆమె. ఆ పుస్తకాల విలువ తెలియని మనిషి ఆ పని చేయదు. ఆమె అడ్డుపడుతుందని ఊహించుకుని మీరు దాచారు. అడ్డుపడే అవకాశమే ఆమెకు ఇవ్వలేదు, ఒప్పుకునే అవకాశం కూడా ఇవ్వలేదు. ఆమెను నొప్పించింది ఆ ఆరు లక్షల కంటే ఇదేనని నా అభిప్రాయం. కాబట్టి క్షమాపణ ఒక్కటే సరిపోదు. వరద తర్వాతి బిల్లులు, బ్యాంకు కాగితాలు, ఇంట్లో ఉన్న ప్రతి వస్తువు పేరూ ఒక నోటు పుస్తకంలో మీ చేత్తో రాసి ఆమె ముందు పెట్టండి. ఏదీ వదిలిపెట్టవద్దు. ఆమె చదువుతుందో లేదో, చదివి ఏమంటుందో మీ చేతిలో లేదు. కొన్నాళ్లు మౌనమే కొనసాగవచ్చు. దాన్ని తొందరపెట్టవద్దు.

‘ఇది జబ్బా’ అని అడిగారు. మీ ఉత్తరంలోని తేదీలు చూడండి. ఇరవై ఏళ్లపాటు మీరు నెలకు అయిదు వందలు, వెయ్యి దాటకుండా కొన్నారు. లక్షల ఖర్చు అంతా వరద తర్వాతే. ‘భారతి’ 1924లో మొదలైన పత్రిక. దాని పాత సంచికలు వరుసగా కూర్చడం ఎంత ఓపిక పనో, ఒక్క సంచిక కోసం ఎన్ని ఊళ్లు తిరగాలో ఆ పని చేసినవాళ్లకే తెలుసు. పదిహేనేళ్ల పని ఒక్క రాత్రిలో బురదలో కలిసిపోయింది. ఆ దుఃఖాన్ని మీరు ఎవరితోనూ చెప్పుకోలేదు, బహుశా ‘పుస్తకాలే కదా, ప్రాణాలు దక్కాయి’ అని అందరూ అనడం వల్ల కావచ్చు. వేలంలో పాట మీకు ఖాయమైన క్షణంలో పోయినది ఏదో తిరిగి వచ్చినట్టు అనిపించి ఉంటుంది. దీన్ని జబ్బు అని నేను అనలేను, అనే అర్హత వైద్యులకే ఉంది. అయితే వద్దనుకుని కూడా చేయి ఆగడం లేదని మీరు రెండు చోట్ల రాశారు. అది నిజమైతే మానసిక వైద్యుడిని కలవడంలో సిగ్గుపడవలసింది లేదు. 14416 నంబరుకు ఫోన్ చేస్తే ప్రభుత్వ టెలీ మానస్ సేవలో తెలుగులోనే మాట్లాడవచ్చు, ఖర్చు ఉండదు.

వేలం లెక్కను ఒకసారి కాగితం మీద పెడదాం, ఎందుకంటే ‘అమ్మితే పెట్టిన డబ్బు వస్తుంది’ అనే నమ్మకం మీ ఉత్తరం నిండా ఉంది. పాట లక్షా పదివేలకు ఖాయమైంది. దానిమీద 20 శాతం బయ్యర్స్ ప్రీమియం, అంటే కొన్నవారి దగ్గర వేలం సంస్థ తీసుకునే రుసుము, 22,000. ఆ ప్రీమియం మీద 18 శాతం జీఎస్టీ 3,960. అప్పటికే 1,35,960 అయింది. వస్తువు మీద పన్ను, ప్యాకింగు, రవాణా, బీమా కలిసి మీ బిల్లు లక్షన్నర అయింది. రేపు అదే పటాన్ని అదే వేలంలో పెట్టి, అదృష్టం కొద్దీ మళ్లీ లక్షా పదివేలే పలికిందనుకోండి. అమ్మేవారి దగ్గర కూడా కమిషన్ తీసుకుంటారు. అది 10 శాతమే అనుకున్నా మీ చేతికి 99,000 వస్తుంది. ధర ఒక్క రూపాయి తగ్గకుండానే మూడో వంతు పోయింది. వేలంలో కొన్న వస్తువు చాలా ఏళ్లు దగ్గర ఉంచుకుని చూసుకోవడానికే తప్ప పెట్టుబడిగా కొనడానికి కాదని నేను చెప్పేది ఈ లెక్కను బట్టే.

ఆ పటం అసలుదా కాదా అనేది అనుమానంగా వదిలేయవలసిన విషయం కాదు, చాలావరకు తేల్చుకోగలిగిన విషయం. రెన్నెల్ 1767లో బెంగాల్ సర్వేయర్ జనరల్ అయ్యాడు. అతని హిందూస్థాన్ పటం మొదట 1782లో వచ్చింది, మరింత పెద్దదిగా నాలుగు షీట్లతో 1788లో మళ్లీ వచ్చింది. రాగి ఫలకం మీద చెక్కి అచ్చు వేసిన కాలమది. అలాంటి పటంలో అంచుకు లోపల చుట్టూ ఫలకం ఒత్తిన గుర్తు వేలికి తగులుతుంది, గీతల సిరా కాగితం మీద కొద్దిగా ఉబ్బి ఉంటుంది. పది రెట్లు పెద్దదిగా చూపించే భూతద్దంతో చూడండి. రంగులు చిన్న చిన్న చుక్కలుగా విడిపోతే అది ఈ కాలపు ఆఫ్‌సెట్ యంత్రం మీద అచ్చువేసిన నకలే. గీతలు తెగకుండా నిండుగా ఉంటే ఒక భయం తీరినట్టే. కాగితాన్ని వెలుతురుకు అడ్డంగా పట్టుకుంటే ఆ నాటి కాగితంలో సన్నని సమాంతర గీతలు, కొన్నిసార్లు కాగితం మిల్లు నీటిగుర్తు కనిపిస్తాయి. చేతితో వేసిన పాత ఆకుపచ్చ రంగు కాలక్రమంలో కాగితాన్ని కొరికి, వెనకవైపు గోధుమరంగు నీడగా దిగుతుంది. అంచు ఒత్తుడు గుర్తు లేనంత మాత్రాన నకలు అని తేల్చవద్దు, పాత పటాల అంచులు కత్తిరించేసిన సందర్భాలు చాలా ఉన్నాయి. రెన్నెల్ పటాన్ని అనుకరిస్తూ ఇతరులు వేసినవి కూడా ఉన్నాయి, అవి పాతవే అయినా అంత విలువైనవి కావు.

ఈ పరీక్షలో అనుమానం బలపడితే ఇవాళే ఆ వేలం సంస్థ నిబంధనల పత్రం తీసి చదవండి. వర్ణనకు విరుద్ధమైన వస్తువును తిరిగి ఇచ్చేందుకు ఎంత గడువు ఉందో అందులో రాసి ఉంటుంది. గడువులో ఉంటే నిపుణుడి లిఖిత అభిప్రాయంతో తిప్పి పంపవచ్చు. గడువు దాటితే ఉత్తరప్రత్యుత్తరాలు, ఆ తర్వాత వినియోగదారుల కమిషన్, అంటే కాలం. పటం అసలుదే అని తేలితే దాన్ని ఉంచుకోవాలా వద్దా అనే ప్రశ్న అప్పుడు మాత్రమే మొదలవుతుంది. దానికి జవాబు నేను మీకు కాదు, మీరు ఆమెకు చెప్పాలి.

తాళపత్రాల విషయంలో మాత్రం నేను మెత్తగా మాట్లాడలేను. ఆ వ్యాపారి చెప్పిన ‘కాగితాలు అక్కర్లేదు’ అనే మాటకు అర్థం దొంగ ఎగుమతి. పురావస్తువులు, కళాఖండాల చట్టం 1972లో చేశారు, 1976 ఏప్రిల్ 5 నుంచి అమలులో ఉంది. వందేళ్లు దాటిన వస్తువులూ, చారిత్రక, సాహిత్య విలువ ఉన్న రాతప్రతులైతే 75 ఏళ్లు దాటినవీ దాని పరిధిలోకి వస్తాయి. వాటిని దేశం దాటించే అధికారం కేంద్ర ప్రభుత్వానికీ, అది నియమించిన సంస్థలకూ తప్ప ఎవరికీ లేదు. అతిక్రమిస్తే కనీసం ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు జైలు శిక్ష, జరిమానా ఉంటాయి. దేశంలోనే అమ్మే వ్యాపారికి కూడా లైసెన్సు ఉండాలి. అతన్ని అది చూపించమని అడగండి. ఆ తర్వాత అతను ఫోన్ చేస్తాడని నేను అనుకోవడం లేదు. మీ గుర్తింపు పత్రాల జిరాక్సులు అతనికి ఇచ్చారో లేదో కూడా గుర్తుచేసుకోండి.

ఇంకొక సంగతి మీకు తెలిసినట్టు లేదు. బొమ్మలున్న రాతప్రతులు తప్పనిసరిగా నమోదు చేయించవలసిన వాటిలో ఉన్నాయి. మామూలు అక్షరాల కట్టలకు ఆ నిబంధన వర్తించదు, మీ మూడు కట్టల్లో ఆ ఒక్కదానికే వర్తిస్తుంది. వస్తువు చేతికి వచ్చిన కొద్ది రోజుల్లోనే దరఖాస్తు చేయాలి, మీరు చేయలేదు. ఆలస్యమైందని భయపడి అటక మీద దాచిపెడితే రేపు అది మీ పిల్లల నెత్తిన పడుతుంది. కొన్న బిల్లు, లాట్ నంబరు (వేలంలో ఆ వస్తువుకు ఇచ్చిన సంఖ్య), ఫొటోలతో ఒక న్యాయవాదిని కలిసి, ఆయన ద్వారానే నమోదు అధికారి దగ్గరకు వెళ్లడం మంచిది. నమోదైన తర్వాత అది మీ ఇంట్లోనే ఉండవచ్చు. అమ్మదలిస్తే దేశంలోనే, చేతులు మారిన సంగతి ఆ అధికారికి తెలియజేసి అమ్మవచ్చు, అయితే రెండు లక్షల మాట మరచిపోవాలి. లేదా తిరుపతి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయపు ప్రాచ్య పరిశోధన సంస్థ వంటి చోట ఇవ్వవచ్చు. మీ పేరు దాతగా నమోదవుతుంది, డబ్బు రాదు, ఆకులు మాత్రం చదవగలిగినవాళ్ల మధ్య ఉంటాయి. పెళ్లి ఖర్చు ఎదురుగా ఉన్నప్పుడు దానం చేయమని ఎవరికైనా చెప్పడం తేలిక కాదని నాకు తెలుసు. అందుకే ఇప్పటికి నమోదు వరకే చేసి, మిగతా నిర్ణయాన్ని పెళ్లి అయ్యాక పెట్టుకోవడం కూడా సరైన దారే.

మీరు కొన్న షీటులో ఉండకపోవచ్చు గానీ, రెన్నెల్ పటం శీర్షిక దగ్గర ఒక బొమ్మ ఉంది. మన పండితులు వరుసగా నిలబడి తమ పవిత్ర గ్రంథాలను, బ్రిటన్‌కు ప్రతీకగా గీసే బ్రిటానియా దేవత చేతికి అప్పగిస్తూ ఉంటారు. రెండు వందల నలభై ఏళ్ల కిందట పటం మూలన ఎవరో గీసిన ఆ దృశ్యం మీ ముందు గదిలో ఒక వ్యాపారి రూపంలో మళ్లీ జరగబోయింది. అతని మాట మీకు నచ్చలేదని మీరే రాశారు. ఆ నచ్చకపోవడాన్ని నమ్మండి.

ఇక నాలుగు లక్షల బేరం. మీ దగ్గర ఉన్నవి మొత్తంగా ఒక వస్తువు కావు. అన్నీ అమ్మమనే మీ అబ్బాయికీ, ఏదీ వదలలేని మీకూ ఒకే పొరపాటు జరుగుతోంది, ఇద్దరూ దేన్నీ విడిగా చూడటం లేదు. మిగిలిన నాలుగు వందల పుస్తకాల్లో చాలావాటికి ఇంటర్నెట్‌లో స్కాన్ ప్రతులు ఉంటాయి. ప్రతి పేరూ వెతికి చూడండి. స్కాన్ ఉన్న మామూలు ముద్రణలను సంకోచం లేకుండా అమ్మవచ్చు. స్కాన్ దొరకనిది ఏదైనా ఉంటే, అది పది రూపాయల పొత్తమైనా సరే, ముందు స్కాన్ చేయించాలి. దాన్ని వేటపాలెం సారస్వత నికేతనం వంటి గ్రంథాలయానికి ఇవ్వడం గురించి ఆలోచించండి. 1918లో మొదలై, 1929లో గాంధీగారి చేత భవనానికి శంకుస్థాపన చేయించుకున్న ఆ సంస్థ పాత పత్రికలను ఎంత శ్రద్ధగా దాచిందో మీరు ఒకసారి వెళ్లి చూడాలి. మీకు ‘భారతి’ మీద ఉన్నది చదువుకోవాలనే కోరికైతే, ఆ కోరిక అలాంటి చోటనే తీరుతుంది. వావిళ్లవారి పాత ముద్రణలు, పందొమ్మిదో శతాబ్దపు పుస్తకాలు విడిగా తీసిపెట్టి ఇద్దరు ముగ్గురు వ్యాపారుల చేత వేర్వేరుగా ధర చెప్పించండి.

గాజు సామాను మీద ఎక్కువ ఆలోచించవద్దు. నలభై ముక్కల్లో మీరు వర్ణించినవి చాలావరకు గోళీ సోడా సీసాలు. ఆ తరహా సీసాకు 1872లో ఇంగ్లండులో పేటెంటు తీసుకున్నా, మన గుంటూరు, విజయవాడ వీధుల్లో నిన్నమొన్నటి దాకా వాడుకలో ఉన్నవే. అచ్చు అతుకు గీత మూతి అంచు దాకా పాకితే యంత్రం మీద తయారైన సీసా అని అర్థం. ‘చెకోస్లోవేకియా’ అని గుర్తున్న పూలకూజా 1918కి ముందుది కాదు, ఎందుకంటే ఆ పేరుతో దేశమే అప్పుడు పుట్టింది. వీటిని అమ్మితే డిపాజిట్టు లోటులో కొంతైనా పూడుతుంది. పన్నీరుబుడ్ల జత మాత్రం అమ్మే ముందు మీ భార్యను అడగండి. ఆడపిల్ల పెళ్లి ఉన్న ఇల్లు మీది.

వచ్చే నెల వేలానికి వెళ్లవద్దని నేను ఆజ్ఞ వేయను. రెండు దారులూ చెబుతాను. పాడకుండా ఉంటే ఆ సంపుటాలు వేరొకరికి పోతాయి, కొన్ని నెలలు మనసు పీకుతుంది, మళ్లీ వస్తాయో రావో తెలియదు. పాడితే, గాజులు ఇంకా బయట ఉండగా, మీ ఇంట్లో ఇకమీదట ఏ మాటకూ నమ్మకం ఉండదు. ఒకవేళ అప్పటికి గాజులు ఇంటికి వచ్చి, లెక్కల పుస్తకం ఆమె చదివి, ఇద్దరూ కలిసి ఇంత అని ఒక అంకె అనుకుంటే, ప్రీమియం, పన్నులు కలుపుకుని ఆ అంకెలోనే పట్టేలా ముందుగానే గరిష్ఠ ధర రాసి సంస్థకు పంపేసి, ఆ రోజు తెర ముందు కూర్చోకుండా ఉండవచ్చు. పాటలో మనిషి ఓడిపోయేది ఎదుటివాడి చేతిలో కాదు, ‘ఇంకొక్క అయిదు వేలే కదా’ అనే క్షణంలో. మూడు వారాల్లో ఇదంతా జరిగే పని అని నాకు తోచడం లేదు, అయినా నిర్ణయం మీది.

చివరిగా మీరు అడిగిన సంరక్షణ. మీ వీధి సంగతి మీకు తెలుసు కనుక ఏదీ నేల మీదా, కింది అరల్లోనూ ఉంచవద్దు. తాళపత్రాలను ఎండలో పెట్టకండి, గట్టిగా బిగించి కట్టకండి, విరిగిన చోట సెల్లోటేపు అంటించకండి, లామినేషన్ మాట అసలే వద్దు. మెత్తని నూలు గుడ్డలో చుట్టి, గాలి ఆడే చెక్క పెట్టెలో, పక్కన వస కొమ్ములు పెట్టి ఉంచండి. అక్షరాలు కనిపించాలని మసి, నూనె మీరే పూయకండి, అది చేయి తిరిగినవాళ్ల పని. వరదలో తడిసి బూజు వాసన వస్తున్న పుస్తకాలు ఏవైనా ఉంటే వాటిని వేరే గదికి మార్చండి, లేకపోతే బూజు ఆకులకూ పాకుతుంది.

ఆ బొమ్మల కట్ట చివరి ఆకు మీద ‘నందన’ అన్న మాట ఒక్కటే చదవగలిగానని రాశారు. అది సంవత్సరం పేరే అయితే, అరవై ఏళ్లకోసారి తిరిగి వచ్చే పేరు కనుక 1772 కావచ్చు, 1832 కావచ్చు, 1892 కావచ్చు. 1832-33 అయితే గుంటూరు సీమను ఊడ్చిపెట్టిన డొక్కల కరువు ఏడాది అది, నందన కరువు అని కూడా అంటారు. మాసం, తిథి, వారం కూడా ఆ ఆకు మీదే ఉంటే, పాత పంచాంగ గణితంతో సరిచూసి ఏ నందనమో తేల్చవచ్చు. పాత లిపి చదవగలిగినవారికి ఆ ఒక్క ఆకు ఫొటో తీసి చూపించండి.